డాక్‌టైప్ రాసే ఉంది, అయినా పేజీ క్విర్క్స్ మోడ్‌లో ఎందుకు పడుతోంది?

కోఠి వెబ్
కోఠిలో ఒక పాత పుస్తకాల దుకాణానికి పీహెచ్‌పీ సైట్ ఉంది. హోమ్ పేజీ బాగుంది. ధరల పేజీలో మాత్రం బాడీకి 14 పిక్సెల్స్ ఇచ్చినా టేబుల్‌లో అక్షరాలు 16 వస్తున్నాయి, పేజీ నెత్తిన ఒక వరుస ఖాళీ. ఫైర్‌ఫాక్స్ కన్సోల్ క్విర్క్స్ మోడ్ (పాత బ్రౌజర్ల తప్పులను అనుకరించే పద్ధతి) అంటోంది. వ్యూ సోర్స్‌లో మొదటి లైన్ డాక్‌టైపే (<!DOCTYPE html>)! రెండు పేజీలకూ హెడర్ ఫైల్ ఒకటే. అసలు ఈ లైన్ చేసే పనేంటి? పాత పేజీల్లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాల సంస్థ) లింకుతో ఉండే పొడవాటిది పెడితే సరిపోతుందా?

అమీర్‌పేట్ ఫ్రంటెండ్
సరిపోదు. ఆ లింకులోని డీటీడీని (హెచ్‌టీఎంఎల్ నియమాల ఫైల్‌ని) బ్రౌజర్ తెచ్చి చదవదు. 1990ల చివర్లో పేజీలన్నీ అప్పటి బ్రౌజర్ల తప్పులకు తగ్గట్టు రాసినవే. సీఎస్ఎస్ (పేజీ రూపం నిర్ణయించే భాష) ప్రమాణాన్ని ఉన్నట్టుండి పాటిస్తే అవి చెదిరిపోతాయి. అందుకే 2000లో మ్యాక్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 డాక్‌టైప్‌ని స్విచ్‌లా వాడింది: సరైనది ఉంటే ప్రమాణం ప్రకారం (స్టాండర్డ్స్ మోడ్), లేకపోతే పాత పద్ధతిలో (క్విర్క్స్ మోడ్). మిగతా బ్రౌజర్లూ అదే దారి పట్టాయి. ఇప్పటికీ దాని పని అదొక్కటే. 15 అక్షరాల పొట్టిది చాలు. పొడవాటిదాంతో చిక్కే: హెచ్‌టీఎంఎల్ 4.01 ట్రాన్సిషనల్‌కి లింకు ఉంటే లిమిటెడ్ క్విర్క్స్ (కొద్ది తేడాతో దాదాపు స్టాండర్డ్సే), లింకు తీసేస్తే పూర్తి క్విర్క్స్. టేబుల్ సంగతంటారా, క్విర్క్స్‌లో అది బాడీ ఫాంట్ సైజు తీసుకోదు, డిఫాల్ట్ 16కి పోతుంది.

సికింద్రాబాద్ 63
పైన ఖాళీ వరుస ఉందన్నారు కదా, అక్కడే ఉంది దొంగ. డాక్‌టైప్ కంటే ముందు స్పేస్, కొత్త లైన్, కామెంట్ ఉన్నా ఇప్పటి బ్రౌజర్లు పట్టించుకోవు. ఇంకే అక్షరం ఉన్నా బాడీ మొదలైపోయినట్టే, తర్వాత వచ్చే డాక్‌టైప్‌ని పారేస్తాయి. డెవ్‌టూల్స్‌లో ఎలిమెంట్స్ తెరవండి: హెడ్ ఖాళీగా ఉండి, టైటిల్, స్టైల్ లింకులు బాడీలో కనిపిస్తే ఇదే కేసు.

నా అనుమానం బోమ్ మీద. పాత విండోస్ నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో కంటికి కనబడని 3 బైట్లు పెట్టేది, అదే బోమ్. పేజీ మొట్టమొదట ఒక్కటుంటే బ్రౌజర్ తీసేస్తుంది. ధరల పేజీ హెడర్ కంటే ముందు ఇంకో ఫైల్‌ని ఇంక్లూడ్ చేస్తోందా? రెండింట్లోనూ బోమ్ ఉంటే రెండోది మామూలు అక్షరం కిందే లెక్క. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు ‘యూటీఎఫ్-8 విత్ బోమ్’ అని ఉంటే దాన్ని నొక్కి, ‘సేవ్ విత్ ఎన్‌కోడింగ్’లో ఉత్త యూటీఎఫ్-8 ఎంచుకోండి.

కోఠి వెబ్
అదే అన్నా! ధరల పేజీ ముందు కాన్ఫిగ్ ఫైల్‌ని పిలుస్తోంది. రెండింట్లోనూ బోమ్ ఉంది. తీసేశాక కన్సోల్‌లో కంపాట్‌మోడ్ (document.compatMode) అడిగితే బ్యాక్‌కంపాట్ (క్విర్క్స్) పోయి సీఎస్ఎస్1కంపాట్ (స్టాండర్డ్స్) వచ్చింది. టేబుల్ సరైంది కానీ మెనూ రంగు పోయింది.

అమీర్‌పేట్ ఫ్రంటెండ్
లిమిటెడ్ క్విర్క్స్‌లోనూ కంపాట్‌మోడ్ సీఎస్ఎస్1కంపాటే చూపిస్తుంది, దాన్నొక్కదాన్నే నమ్మకండి. ఇక మెనూ: క్లాస్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా, హ్యాష్ (#) లేని రంగు కోడ్, పిక్సెల్స్ అని రాయని వెడల్పు, ఇవన్నీ క్విర్క్స్‌లో చెల్లుతాయి, స్టాండర్డ్స్‌లో చెల్లవు. స్టైల్ ఫైల్ మొత్తమే పనిచేయకపోతే సర్వర్ దాన్ని ప్లెయిన్ టెక్స్ట్‌గా పంపుతోందేమో నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి. మీది రంగు ఒక్కటే కాబట్టి ముందు హ్యాష్ వెతకండి.