మొదటి తరం ప్లేస్టేషన్ 3 మేలా, స్లిమ్ మేలా?

పాతడిస్కు:
నా దగ్గర ప్లేస్టేషన్ 2 డిస్కులు చాలా ఉన్నాయి. టీవీ కింద రెండు యంత్రాలు పెట్టుకోవడం ఇష్టం లేదు కాబట్టి, వాటిని కూడా ఆడించగల ప్లేస్టేషన్ 3 వాడినది ఒకటి కొనాలనుకుంటున్నాను. మొదట్లో వచ్చిన లావుపాటిది తీసుకోవాలా, 2009లో వచ్చిన స్లిమ్ తీసుకోవాలా?

సర్క్యూట్:
మీ అవసరం ఆ డిస్కులే అయితే స్లిమ్ ఊసే అనవసరం. 2006 నవంబరులో జపాన్, ఉత్తర అమెరికాల్లో విడుదలైన 20, 60 జీబీ యంత్రాల మదర్‌బోర్డు మీద ప్లేస్టేషన్ 2 ప్రాసెసరైన ఎమోషన్ ఇంజిన్, దాని గ్రాఫిక్స్ చిప్పైన గ్రాఫిక్స్ సింథసైజర్ రెండూ ఉంటాయి, పాత డిస్కులను ఆడించేవి అవే. 2007 మార్చిలో యూరప్‌కు వచ్చిన 60 జీబీ యంత్రంలో మొదటి చిప్పు తీసేసి దాని పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన 40 జీబీ యంత్రంలో రెండో చిప్పు కూడా లేదు. నాలుగు యూఎస్‌బీ పోర్టులు రెండయ్యాయి, మెమరీ కార్డు రీడర్లు, ఎస్ఏసీడీ అనే మేలిరకం ఆడియో డిస్కులు వినే సదుపాయం పోయాయి. ఈ కోతలన్నీ అయ్యాక మిగిలినదే స్లిమ్.

నల్లపెట్టె:
సర్క్యూట్ గారు పోయినవే లెక్కపెట్టారు, వచ్చినవి చెప్పలేదు. తొలి యంత్రాల్లో సెల్ ప్రాసెసర్, ఆర్ఎస్ఎక్స్ గ్రాఫిక్స్ చిప్పు రెండూ 90 నానోమీటర్ల పాత తయారీ పద్ధతివి కావడంతో విద్యుత్తు ఎక్కువ తాగుతాయి, వేడెక్కుతాయి. స్లిమ్‌లో సెల్ 45 నానోమీటర్లకు తగ్గింది, కాబట్టి ఆ బెడద తక్కువ. పాత యంత్రాన్ని బాగుచేయించడంలోనూ ప్రమాదం ఉంది. శుభ్రం చేయమని ఇచ్చిన నా యంత్రానికి ఒక మరమ్మతుదారు మాట మాత్రమైనా చెప్పకుండా మదర్‌బోర్డు మార్చేశాడు. హార్డ్ డిస్క్‌లోని సమాచారం ఆ బోర్డుకే ముడిపడి సంకేతీకరించి ఉంటుంది గనుక నా సేవ్‌లన్నీ పోయాయి. ఇక యూరప్ యంత్రం కూడా చాలా ప్లేస్టేషన్ 2 ఆటలను ఆడిస్తుంది. దాన్ని కోతల జాబితాలో వేయడం న్యాయం కాదు.

సర్క్యూట్:
చాలా ఆటలు వేరు, అన్ని ఆటలు వేరు. సగం చిప్పులున్న యంత్రాన్ని పూర్తి యంత్రమని నేను ఒప్పుకోను. ఒక అమ్మకందారు నాకు "పూర్తి అనుకూలత ఉంది" అని చెప్పి అంటగట్టింది ఆ సగం యంత్రమే. డబ్బు వెనక్కి అడిగితే, పేరు ఒకటే కదా అన్నాడు.

రాత్రిఆట:
ప్లేస్టేషన్ 2నే కొనుక్కుంటే గొడవే ఉండదు కదా?

నల్లపెట్టె:
అమ్మకందారు అబద్ధమాడితే యూరప్ యంత్రం చేసిన పాపమేమిటి? మూడు సందేశాలుగా మీరు ఆ ఒక్క చిప్పునే పట్టుకుని వేలాడుతున్నారు. అమెరికాలో 60 జీబీ యంత్రం 599 డాలర్లకు మొదలైతే, 40 జీబీ మోడల్‌తో ధర 399కి దిగింది. ఆ చిప్పులతో పనిలేనివాళ్లు వాటి ఖరీదును ఎందుకు మోయాలి?

సర్క్యూట్:
నేను ఇప్పటిదాకా రాసిందే రెండు సందేశాలు. లెక్క సరిచూసుకుని మాట్లాడండి. నా బాధ చిప్పు ఒక్కదాని గురించే కాదు. పాత యంత్రాల్లో లినక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి అదర్ ఓఎస్ అనే సదుపాయం ఉండేది. స్లిమ్‌లో దాన్ని ఇవ్వలేదు, సరే. కానీ 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్, అప్పటికే అమ్ముడుపోయి జనం ఇళ్లలో ఉన్న యంత్రాల నుంచి కూడా దాన్ని తీసేసింది. అప్‌డేట్ వద్దనుకుంటే ఆన్‌లైన్ ఆట పోతుంది, చేసుకుంటే లినక్స్ పోతుంది. అమెరికాలో వినియోగదారులు కోర్టుకెక్కింది ఇందుకే. డబ్బు తీసుకుని ఇచ్చిన వస్తువులోంచి భాగాన్ని వెనక్కి లాక్కునే అధికారం ఎవరిచ్చారు?

నల్లపెట్టె:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. అమ్మిన యంత్రంలోంచి తీసేయడం తప్పని నేనూ అంటాను. కొత్త మోడల్‌లో పెట్టకపోవడం మాత్రం తప్పు కాదు. అట్ట మీద రాసి అమ్మితే కొనేవాడు చూసుకునే కొంటాడు. మీరు రెండింటినీ ఒకే గాటన కడుతున్నారు.

సర్క్యూట్:
కడతాను. చిప్పులున్న యంత్రానికీ లేని యంత్రానికీ ఒకే పేరు పెట్టి, తేడాను పెట్టె వెనుక ఒక్క అక్షరంలో దాచినప్పుడు కొనేవాడు ఏం చూసుకుంటాడు?

పాతడిస్కు:
ఆ అక్షరం గురించే అడగబోతున్నాను. నాకు చూపించిన యంత్రం వెనుక మోడల్ నంబరులో సీఈసీహెచ్ తరువాత "సి" అని ఉంది. తీసుకోవచ్చా?

సర్క్యూట్:
వద్దు. అది యూరప్ 60 జీబీ. రెండు చిప్పులూ కావాలంటే అక్కడ "ఎ" గానీ "బి" గానీ ఉండాలి.

నల్లపెట్టె:
"సి" అయితే ముందు మీ డిస్కులు ఏ ప్రాంతానివో చూసుకోండి. ప్లేస్టేషన్ 3 ఆటల్లా కాకుండా ప్లేస్టేషన్ 2 డిస్కులకు ప్రాంతపు తాళం ఉంటుంది, యూరప్ యంత్రం అమెరికా డిస్కును తీసుకోదు. ప్రాంతం కలిస్తే, మీరు ఎక్కువగా ఆడేవాటిని వెంట తీసుకెళ్లి, డబ్బు ఇవ్వకముందే అక్కడే వేసి చూడండి.