వాయువులన్నీ మూలకాల ఆవర్తన పట్టికలో కుడి చివరే ఉంటాయా?

విజయనగరం అమ్మ: మా అమ్మాయి ఇంటర్ ఫస్ట్ ఇయర్. వాయువులన్నీ 18వ గ్రూపులోనే, అంటే పట్టికలో కుడి చివరి నిలువు వరుసలోనే ఉంటాయని రాస్తే మార్కు పోయింది. మరి హైడ్రోజన్ ఎడమవైపు ఎందుకుంది? జడవాయువులు వరుసగా గుర్తుండే దారి కూడా చెప్పండి. ఎల్లుండి మళ్లీ పరీక్ష, ఒకటే టెన్షన్.

బొబ్బిలి మాస్టారు: మామూలు ఉష్ణోగ్రతలో వాయువులుగా ఉండే మూలకాలు 11. నైట్రోజన్ 15లో, ఆక్సిజన్ 16లో, ఫ్లోరిన్, క్లోరిన్ 17లో. హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్క ఎలక్ట్రానే, అందుకే ఒకటో గ్రూపు. మిగతా ఆరూ 18లో. కానీ అమ్మా, వాటిని జడవాయువులు, అంటే దేనితోనూ కలవనివి, అనకండి. 1962లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త వాటిలో ఒకటైన జినాన్‌తో సమ్మేళనం చేశాక ఆ మాట చెల్లదు. ఉత్కృష్ట వాయువులు అనాలి.

రాజాం వెల్డర్: 18 ఏళ్లుగా స్టీలు రెయిలింగులకు ఆర్గాన్ వెల్డింగ్ చేస్తున్నాను. ఆర్గాన్ దేనితోనూ కలవదు కాబట్టే అతుకు నిలుస్తోంది. గాలి కొట్టి గ్యాస్ చెదిరిందా, అతుకులో బ్లో హోల్సే, చిన్న చిన్న బొక్కలు. జడం కాకపోతే ఇంకేటి?

బొబ్బిలి మాస్టారు: నేను చెప్పింది జినాన్ సంగతి. 30 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడికి మీరు నేర్పక్కర్లేదు.

రాజాం వెల్డర్: మీరు బోర్డు మీద రాశారు, నేను రోజూ చేత్తో వాడుతున్నాను. ఆ మాటలు వద్దు మాస్టారూ.

టెక్కలి: హీలియం జాడ మన గుంటూరులో దొరికిందని ఒక్కరూ అనరేం? 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే చూశాడు.

బొబ్బిలి మాస్టారు: చూసింది సూర్యుడి కాంతిని. కొత్త మూలకమన్నది ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త లాకియర్. భూమ్మీద పట్టుకున్నది రసాయన శాస్త్రవేత్త రామ్సే, 1895లో.

టెక్కలి: అయినా గుంటూరు పేరు పాఠంలో ఉండాలి. నేను ఊరుకోను.

కోట దగ్గర: హీలియం అంటే గుర్తొచ్చింది. సిరిమాను పండక్కి మా బాబుకి గ్యాస్ బుడగ కొన్నాను. ఇంట్లో దీపం దగ్గర భగ్గుమంది, కనుబొమ్మలు కాలిపోయాయి. హీలియం అంటుకోదు, వాళ్లు నింపింది హైడ్రోజన్. పిల్లల చేతికి ఇవ్వకండి.

పలాస: ఆంటీ, హీ-ని-ఆర్-క్రి-జి-రే అని పాడుకుంటూ రాయమనండి. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్. బయటి కక్ష్యలో హీలియంకు 2 ఎలక్ట్రాన్లు, మిగతావాటికి 8. రెండే ఉన్నా హీలియం రెండో గ్రూపులో ఎందుకు లేదని నన్ను అడిగారు, రాయలేకపోయాను. దానికున్న ఒక్క కక్ష్యా ఆ రెండింటితోనే నిండిపోతుంది, అందుకే 18. ఇది తప్పకుండా చదివించండి.

విజయనగరం అమ్మ: చాలా థాంక్స్ బాబూ. మాస్టారూ, జడవాయువులు అని రాస్తే మార్కు కోస్తారా?