ఆదిమ క్రైస్తవులు రోమన్ గుళ్లను కూల్చాలనుకున్నారా?

నీలిసిరా:
391 ప్రాంతంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బిషప్ థియోఫిలస్ హయాంలో సెరాపిస్ దేవుడి గుడిని పడగొట్టారు. క్రైస్తవులకు అధికారం చేతికొచ్చాక పుట్టిన బుద్ధి ఇదని చాలామంది అంటారు. నేనొప్పుకోను, బీజం ముందే పడింది. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ విగ్రహారాధన మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. విగ్రహం చెక్కేవాడితో పాటు గుడి కట్టేవాడు, బంగారు రేకు కొట్టేవాడు, సాంబ్రాణి అమ్మేవాడు కూడా అందులో దోషులే.

పాతరాయి:
అదే గ్రంథం ఇంకాస్త చదవండి. ఆ పనివాళ్లకు వేరే బతుకుదెరువు కూడా చూపించాడు. గచ్చు పనివాడు ఇంటికప్పులు బాగుచేయొచ్చు, నీటితొట్లకు పూత పూయొచ్చు. చెక్కలో మార్స్ దేవుణ్ణి మలచగలిగినవాడికి బీరువా బిగించడం ఎంతసేపని అడిగాడు. పెళ్లికి పిలిస్తే వెళ్లొచ్చు, బలికి పిలిస్తే వెళ్లకూడదు. గుడి పడగొట్టమన్న మాట ఎక్కడుంది? పైగా 4వ శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లో బిషప్పులు కూడిన ఎల్విరా సభ 60వ నియమం చూడండి: విగ్రహాలు పగలగొట్టి, అక్కడే హతమైనవాణ్ణి హతసాక్షుల లెక్కలో చేర్చకూడదు. సువార్తలో అలా రాసి లేదు, అపొస్తలుల కాలంలో అలా జరగనూ లేదు అన్నది వాళ్లు చెప్పిన కారణం.

ఒలీవకొమ్మ:
అసలు గొడవ వంటింట్లో మొదలైంది. బలిపశువులో కొంత బలిపీఠం మీద కాలేది, కొంత పూజారికి పోయేది, మిగతాది గుడి పంక్తిలోనో బజారులోనో తేలేది. పౌలు కొరింథీయులకు మూడు సందర్భాలు విడదీసి చెప్పాడు. గుడి పంక్తిలో కూర్చోవద్దు. కటికి అంగడిలో అమ్మేది ఏ విచారణా చేయకుండా కొనుక్కోవచ్చు. ఒకరింట్లో పెట్టింది తినొచ్చు. ఇది బలి అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానాలి. ప్రసాదం తినొచ్చా అని మన తెలుగు సంఘాల్లో వాదన వస్తే తెరిచేదీ ఈ అధ్యాయాలే. 112 ప్రాంతంలో రోమన్ గవర్నరు ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో గుళ్లు దాదాపు ఖాళీ అయ్యాయనీ, బలిమాంసం కొనేవాళ్లే కరువయ్యారనీ ఉంది. ఒక్క సుత్తి దెబ్బ పడకుండానే!

నీలిసిరా:
అదే పౌలు, ఆ బలులు దయ్యాలకు పోతాయనీ అన్నాడు కదా (1 కొరింథీ 10:20). గుడిలో దయ్యముందని నమ్మినవాడు దాన్ని ఎన్నాళ్లు నిలవనిస్తాడు? సిరియాలో అపామియా ఊళ్లోని గ్రీకు దేవుడు జ్యూస్ గుడి సంగతి చర్చి చరిత్రకారుడు థియోడొరెట్ రాశాడు. రాళ్లు ఇనుముతో, సీసంతో బిగించి ఉండటంతో సైనికులే చేతులెత్తేశారు. చివరికి ఒక కూలివాడు మూడు స్తంభాల మొదళ్లు తవ్వి, ఒలీవ దుంగలు ఆనించి, వాటికి నిప్పు పెట్టాడు. అవి పడుతూ పక్కవాటినీ లాక్కుపోయాయి. బిషప్ మార్సెల్లస్ దగ్గరుండి చేయించాడు.

పాతరాయి:
ముందు సైనికులు వచ్చారని మీరే రాశారు. నా వాదనా అదే, రాజ్యబలం లేనిదే అపామియా లేదు. ఆ రాజ్యానిదీ ఒకే మాట కాదు. 399లో రోమన్ సామ్రాజ్యపు పడమటి భాగంలో చట్టం గుళ్ల శిల్పాలంకారాలు కాపాడమంది, అదే ఏడాది తూర్పు భాగంలో చట్టం పల్లెల్లోని గుళ్లను అల్లరి లేకుండా కూల్చమంది.

ఒలీవకొమ్మ:
పోపు గ్రెగరీ సంగతి ఇంకా విచిత్రం. 601 జూన్‌లో ఇంగ్లండ్‌లోని కెంట్ రాజుకు గుళ్లు పడగొట్టమని రాశాడు. జూలైలో అక్కడికి వెళ్తున్న మిషనరీ మెల్లిటస్‌కు రాసిన ఉత్తరంలో మాట మార్చాడు: విగ్రహాలు తీసేయండి, గుడి గట్టిగా ఉంటే ఉంచండి, పవిత్రజలం చల్లి బలిపీఠం కట్టుకోండి, జనం అలవాటైన చోటికే వస్తారు.