జీవశాస్త్రం నుంచి రచనలోకి: రేచల్ కార్సన్ దారి మనకు సాధ్యమేనా?

ప్రశ్న – సాగర్‌నగర్ విద్యార్థిని

విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పరిశోధన చేయడం కంటే, పరిశోధనలో తేలిన విషయాలను తెలుగు పాఠకులకు చెప్పడం మీదే నాకు మనసు ఎక్కువగా ఉంది. రేచల్ కార్సన్ జీవశాస్త్రవేత్తగా మొదలై ప్రకృతి రచయిత్రి అయ్యారని అందరూ అంటారు గానీ, ఆ మధ్యకాలంలో ఆమెకు జీవనోపాధి ఎలా గడిచిందో ఎవరూ వివరించరు. పీహెచ్‌డీ ఆలోచన మానుకుని నేరుగా పత్రికా రంగంలోకి వెళ్లడం సబబేనా?

జవాబు – విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, ఆమె ఒక వృత్తిని వదిలి మరొక వృత్తిలోకి ఒక్కసారిగా దూకలేదు. 1932లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో మాస్టర్స్ పట్టా పొందారు. ఇంటి ఆర్థిక పరిస్థితి వల్ల డాక్టరేట్ ముందుకు సాగలేదు. 1935లో తండ్రి మరణించాక అమెరికా ప్రభుత్వ మత్స్యశాఖలో రేడియో ప్రసంగాలు రాసే తాత్కాలిక పని దొరికింది, మరుసటి ఏడాది అక్కడే జీవశాస్త్రవేత్తగా ఉద్యోగం వచ్చింది. శాఖ కరపత్రం కోసం ఆమె రాసిన ఒక వ్యాసాన్ని చదివిన పై అధికారి, ఇది కరపత్రంలో వేయదగినది కాదు, మంచి పత్రికకు పంపమని సలహా ఇచ్చారు. అది 1937లో 'అట్లాంటిక్ మంత్లీ'లో అచ్చయింది. 1941 నవంబరులో మొదటి పుస్తకం వచ్చిన నెలరోజులకే అమెరికా యుద్ధంలోకి దిగడంతో ఆ పుస్తకం అంతగా అమ్ముడుపోలేదు. 1951లో 'ద సీ అరౌండ్ అస్' ఘనవిజయం సాధించిన తరువాతే, 1952లో ఆమె రాజీనామా చేశారు. అప్పటివరకు ఇంటిని నిలబెట్టింది జీతమే, రచనకు ముడిసరుకు ఇచ్చింది కూడా ఆ ఉద్యోగమే.

జవాబు – పత్రికా రచయిత, ఎంవీపీ కాలనీ

అధ్యాపకులు చెప్పినదానికి ఒక మాట చేర్చాలి. 1962లో పురుగుమందుల వల్ల ప్రకృతికి కలిగే హానిని గురించి ఆమె రాసిన 'సైలెంట్ స్ప్రింగ్' వెలువడినప్పుడు రసాయన పరిశ్రమ ఆమెపై తీవ్రంగా విరుచుకుపడింది. అయినా ఆ పుస్తకం నిలబడటానికి కారణం భాషా సౌందర్యం ఒక్కటే కాదు. చివర యాభైకి పైగా పేజీల ఆధారాలు ఉన్నాయి, 1963లో అమెరికా అధ్యక్షుని శాస్త్ర సలహా సంఘం నివేదిక కూడా ఆమె హెచ్చరికలను చాలావరకు సమర్థించింది. మీ చదువు మీకు ఇవ్వగలిగిన బలం అదే.

మన తీరాన్నే చూడండి. చనిపోయిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకువస్తే పత్రికలు ఏటా ఫోటో వేసి విచారం ప్రకటిస్తాయి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుందని, తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది మాత్రం ఎక్కువగా జనవరి, మార్చి నెలల మధ్యనే అని పక్కపక్కన పెట్టి చూపే వ్యాసం అరుదు. బోట్లు నీటిలో లాక్కుపోయే ట్రాలు వలల్లో చిక్కిన తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రాలేక మునిగి చనిపోతుందని, వలలో తప్పించుకునే మార్గం అమర్చితే చాలావాటిని కాపాడవచ్చని వివరించాలంటే జీవశాస్త్రమూ తెలియాలి, హార్బరులో బోటు యజమానుల ఇబ్బందీ వినాలి.

జవాబు – భీమిలి పాఠకురాలు

నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. తెలుగు పత్రికల్లో కేవలం సైన్సు రాసేవారికి ప్రత్యేకమైన ఉద్యోగం దాదాపు లేదు, విడి వ్యాసాలకు వచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. కాబట్టి కార్సన్ ఉదాహరణ ధైర్యం ఇచ్చినా, ఆమెకు దొరికినటువంటి, రాయడమే విధిగా ఉన్న ప్రభుత్వోద్యోగం ఇక్కడ సులభంగా దొరకదు. పరిశోధన ప్రాజెక్టుల్లో సహాయకురాలిగా చేరి, నెలకొక్క వ్యాసమైనా తెలుగులో రాయడం మేలని నా అభిప్రాయం.

సాగర్‌నగర్ విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. ప్రాజెక్టు సహాయకుల ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తాను. తాబేళ్ల గురించే మొదటి వ్యాసం రాయాలనుకుంటున్నాను. గుడ్ల సంరక్షణ కేంద్రాల వివరాలు ఎవరిని అడగాలి?

పత్రికా రచయిత, ఎంవీపీ కాలనీ

ఆ కేంద్రాలు అటవీశాఖ ఆధ్వర్యంలో నడుస్తాయి కనుక జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి లిఖితపూర్వకంగా అభ్యర్థన పెట్టండి. దానితోపాటు, రాత్రివేళ తీరంలో గుడ్లు సేకరించే సిబ్బందితో తప్పక మాట్లాడండి.