మానుపిల్లిని పునుగుపిల్లి అనొచ్చా?

కాఫీ పళ్ళు తిని గింజలు విసర్జించే జంతువును తెలుగులో ‘పునుగుపిల్లి’ అని రాయొచ్చా అని ఒకరు అడిగారు. రాయకపోతేనే మంచిదండీ. ఆ జంతువుకు మనకు ‘మానుపిల్లి’ అనే పేరు ఎప్పటినుంచో ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్తలు ఊళ్ళవాళ్ళను అడిగి తెలుగు పేర్లు రాసుకున్నప్పుడు కూడా ఈ రెండింటినీ విడివిడిగానే రాసుకున్నారు. కలిపేసింది ఈమధ్య వార్తలు అనువదించేవాళ్ళే.

మాను అంటే చెట్టు. మానుపసుపులో ఉన్నది ఈ మానే. తమిళం తెలిసినవాళ్ళకు ‘మాన్’ అనగానే జింక గుర్తొస్తుంది కానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. మానుపిల్లి పగలంతా చెట్టు తొర్రలోనో, మనుషుల ఇళ్ళ అటకల మీదో పడుకుని, చీకటి పడ్డాక కొమ్మల మీద తిరుగుతుంది. ఒళ్ళు బూడిద, నలుపు కలిసిన రంగు. మొహం మీద ముసుగు వేసినట్టు నల్లటి మచ్చ, తోక నిండా ఒకటే రంగు. పునుగుపిల్లి ఇలా ఉండదు. అది ఎక్కువగా నేల మీద తిరిగేది. ఒంటి మీద వరుసగా చుక్కలు, తోకకు నలుపు తెలుపు పట్టెలు ఉంటాయి. ఫొటోలో తోక ఒక్కటి కనిపించినా ఏది ఏదో చెప్పేయొచ్చు.

ఇక పునుగు అంటే జంతువు కాదు, జంతువు దగ్గర మనం తీసుకునే వస్తువు. తోక కింది గ్రంథుల్లో ఊరే జిడ్డు అది. బోనులో కర్ర పాతితే ఆ జంతువు దానికి ఒళ్ళు రుద్దుకుంటుంది. కర్రకు అంటిన జిడ్డును గీకి తీస్తారు. ఏమీ కలపకుండా నేరుగా వాసన చూస్తే ముక్కు మూసుకోవాల్సిందే, నూనెలో కాస్తంత కలిపితేనే పరిమళం. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం ఇదే. దీనితో జంటగా వినిపించే జవ్వాది అరబ్బీ ‘జబాద్’ నుంచి వచ్చింది. ఇంగ్లీషు ‘సివెట్’ కూడా ఆ మూలం నుంచి పుట్టిందే, ఇటలీ, ఫ్రాన్స్ మీదుగా అటు వెళ్ళింది. మానుపిల్లికీ గ్రంథులున్నాయి. బెదిరితే అది వదిలే వాసనకు పరిమళమని పేరు పెట్టడం మాత్రం కష్టం. అందుకే దాన్ని పునుగు కోసం ఎవరూ పెంచలేదు, పేరులోకీ పునుగు రాలేదు. మనవాళ్ళు పేరు పెట్టడంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూడండి.

‘అసలు అది పిల్లే కాదు కదా’ అని ఇంకొకరు అన్నారు. నిజమే. పిల్లుల కుటుంబం వేరు, వీటి కుటుంబం వేరు. అయితే తమిళంలో దాన్ని ‘మరనాయ్’ అంటారు, మలయాళంలో ‘మరపట్టి’ అంటారు. రెండింటికీ అర్థం చెట్టుకుక్క! మూతి సాగి ఉంటుంది కాబట్టి వాళ్ళకు కుక్క, చెట్టెక్కుతుంది కాబట్టి మనకు పిల్లి. శాస్త్రం పెట్టిన పేరు ఇంతకన్నా గందరగోళం. 1777లో పల్లాస్ అనే జర్మన్ జంతుశాస్త్రవేత్త దీనికి ‘హెర్మాఫ్రోడిటస్’ అని పెట్టారు, అంటే ఆడా మగా రెండూ అయినది. ఆడదానికీ మగదానికీ గ్రంథులు వృషణాల్లా కనపడటం వల్ల వచ్చిన పేరు. ఆడవి ఆడవే, మగవి మగవే. దీని ముందు మన ‘పిల్లి’ చాలా చిన్న పొరపాటు, వదిలేద్దాం.

ఇంగ్లీషులో దీనికి ‘టాడీ క్యాట్’ అనే పేరూ ఉంది. చెట్టుకు కట్టిన కుండలో కల్లు తాగుతుందని. పళ్ళంటే ఇంకా ఇష్టం. జీలుగు పండు గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, మనం చేత్తో నలిపినా దురద పుడుతుంది. ఇది ఆ పళ్ళను హాయిగా తిని, గింజలను చెక్కుచెదరకుండా ఎక్కడో బండ మీదో, పడిపోయిన మాను మీదో వదిలి వెళ్తుంది. అడవిలో జీలుగు చెట్లు అక్కడా ఇక్కడా మొలవడంలో దీని పాత్ర చాలా ఉంది.

ఈ అలవాటే ఇండోనేసియాలో దాని ప్రాణం మీదికి తెచ్చింది. అక్కడ జావా భాషలో దాన్ని లువాక్ అంటారు. డచ్చివాళ్ళ తోటల్లో కాఫీ పళ్ళు కోసుకోవడానికి కూలీలకు అనుమతి లేక, దాని రెట్టలోని గింజలు ఏరి కడిగి వేయించుకునేవాళ్ళని చెబుతారు. 1990ల నుంచి అది ధనవంతుల కాఫీ అయింది. గిరాకీ పెరిగాక అడవిలో ఏరడం చాలక, లువాక్‌లను పట్టి ఇరుకు బోన్లలో పెట్టి కాఫీ పళ్ళే మేపడం మొదలైంది. రాత్రంతా ఏరుకుని పండినవే తినే జంతువది. బోనులో దానికి ఏరుకునే వీలెక్కడిది? మరి ఆ కాఫీ గొప్పదనమేమిటో నాకైతే అర్థం కాదు. దీన్ని ‘పునుగు కాఫీ’ అని రాస్తే చదివేవాళ్ళు అందులో ఆ జిడ్డు కలుస్తుందనుకుంటారు. ‘లువాక్ కాఫీ’ చాలు, జంతువును చెప్పాల్సి వస్తే మానుపిల్లి.

సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు సంగతీ అంతే. 2003లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ మార్కెట్లలో ఆ వైరస్ దొరికిన జంతువు పునుగుపిల్లి కాదు. మానుపిల్లికి దగ్గర చుట్టం, ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేనిది, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి గీత ఉన్నది. 2004 జనవరిలో ఆ రాష్ట్రంలో వాటిని వేల సంఖ్యలో చంపించారు. వైరస్‌కు అసలు నిలయం గబ్బిలాలని ఆ తర్వాతి ఏడాది తేలింది. ఆ తెల్లగీత జంతువుకు నేను ‘ముసుగు మానుపిల్లి’ అని రాస్తున్నాను. ‘నామాల మానుపిల్లి’ అనొచ్చు కదా అని ఒక మిత్రుడన్నాడు. ఆ తెల్లగీత చూస్తే అదే బాగుందనిపిస్తోంది. మీరేమంటారు?