స్కాన్ చేసిన సంతకాన్ని ఎంతవరకు శుభ్రం చేయొచ్చు?

మియాపూర్_నివాసి:
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెయింటెనెన్స్ రసీదులు ఇప్పుడు పీడీఎఫ్‌లో పంపుతున్నాం. సెక్రటరీ గారు సంతకం చేసిచ్చారు. కానీ నీలం బాల్‌పెన్‌తో, పైగా అసోసియేషన్ ఎర్ర స్టాంపు సగం దాని మీదే పడింది. ఫోన్‌తో ఫొటో తీస్తే ఒక మూల నీడ. గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో శుభ్రం చేస్తుంటే ఒకట్రెండు చోట్ల గీత తెగింది, బ్రష్‌తో కలిపేశా. చూడ్డానికి బాగుంది. మా ట్రెజరర్ గారేమో "ఇది ఆయన పెట్టిన సంతకం కాదు, నువ్వు గీసింది" అంటున్నారు. మీరేమంటారు?

పిక్సెల్_పంతులు:
ట్రెజరర్ గారిదే న్యాయం. కాగితాన్ని ఎంతైనా తోమండి, సిరాని ముట్టుకోకండి. గీత తెగిందంటే థ్రెషోల్డ్ వాడుంటారు. అది ప్రతి పిక్సెల్‌నీ నలుపో తెలుపో తేల్చేస్తుంది. పెన్ను తేలిగ్గా ఆనినచోట లేతగా ఉన్న సిరా తెలుపులో కలిసిపోతుంది, అంచులు రంపపు పళ్లలా తేలతాయి.

ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పొరల్లో (ఛానళ్లు) ఉంటుంది. ముందు ఎర్ర ఛానల్ ఒక్కటే తీసుకోండి. నీలం సిరా అందులో నల్లగా కనిపిస్తుంది, ఎర్ర స్టాంపు దాదాపు మాయమవుతుంది. తర్వాత వెలుగునీడలు సర్దే లెవెల్స్‌లో తెలుపు స్లైడర్‌ని కాగితం తెల్లబడేదాకా ఎడమకి జరపండి. చివర్లో కలర్ టు ఆల్ఫాతో తెలుపు తీసేస్తే రసీదు మీద తెల్లటి అంచు కనపడదు. సేవ్ చేసేది పీఎన్‌జీలోనే, జేపెగ్‌కి పారదర్శకత లేదు. కాగితానికి నీలం రూళ్లు ఉంటే మాత్రం ఈ కిటుకు వాటినీ పైకి తెస్తుంది. అప్పుడు మళ్లీ సంతకం పెట్టించుకోవడమే మేలు.

కోఠి_డీటీపీ:
పంతులు గారూ, మరీ అంత మడి ఎందుకు? ఉద్యోగాల అప్లికేషన్లు పెట్టే పిల్లలు మా షాపుకు రోజూ వస్తరు. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ ఫారానికి సంతకం 140 x 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. గంత చిన్న బొమ్మల పెన్ను ఒత్తిడి ఎవరికి కనిపిస్తది? తెగిన గీత కలిపితే కొంపేం మునగదు. రబ్బరు స్టాంపు సంతకాలు ఎన్నేండ్ల సంది నడుస్తున్నయ్, ఎవరన్న అడిగిన్రా?

పిక్సెల్_పంతులు:
ఆ పిల్లాడు పరీక్ష హాల్లో మళ్లీ సంతకం పెట్టాలి, రెండూ కలవాలి. మీరు కలిపిన గీత అక్కడ అతని చేతికి రాదు.

లా_పాయింట్:
అసలు గొడవ బ్రష్‌తో కాదు. పీఎన్‌జీ ఎంత శుభ్రంగా ఉంటే అంత తేలిగ్గా ఇంకో కాగితం మీద కూర్చుంటుంది. 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 3 చెప్పే డిజిటల్ సంతకం ఈ బొమ్మ కాదు. అది హాష్‌తో (పత్రం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య), ఒక జత కీలతో (ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం) నడుస్తుంది, పత్రంలో ఒక్క అక్షరం మారినా పట్టిస్తుంది. బొమ్మకి ఆ కాపలా లేదు. రేపు తగాదా ముదిరి రామంతాపూర్ సెంట్రల్ ఫోరెన్సిక్ ల్యాబ్ దాకా పోతే, వాళ్లు వెతికేది చేతి ఒత్తిడి, పెన్ను ఎత్తిన చోట్లు. ఈ రసీదులో దొరికేది ప్రింటర్ ఇంకు. అన్నట్టు, 5,000 దాటిన రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి. దాని మీదుగా బొమ్మ ఎలా పెడతారో నాకూ చూడాలనుంది.

కోఠి_డీటీపీ:
మూడు వేల మెయింటెనెన్స్‌కు ఫోరెన్సిక్ ల్యాబా సార్!

లా_పాయింట్:
రసీదు మూడు వేలదే. అసోసియేషన్ చెక్కుల మీద పడే సంతకమూ అదే కదండీ?

మియాపూర్_నివాసి:
చెక్కుల మాట చెప్పగానే సెక్రటరీ గారే వెనక్కి తగ్గారు. రసీదుల కోసం వేరేగా పొట్టి సంతకం, తెల్ల కాగితం మీద నల్ల జెల్ పెన్‌తో పెట్టి ఇస్తానన్నారు. 600 డీపీఐలో స్కాన్ చేసి లెవెల్స్ దగ్గరే ఆపేస్తా, ఫైలు ఆయన లాప్‌టాప్‌లోనే ఉంటుంది. ట్రెజరర్ గారు దీనికీ ఒప్పుకోవట్లేదు. "కంప్యూటర్ రసీదు, సంతకం అవసరం లేదు" అని కింద వేస్తే సరిపోతుందట.

కోఠి_డీటీపీ:
గా ముక్క మొదలే చెప్తే అయిపోతుండె.

మియాపూర్_నివాసి:
మా బ్లాకులో రిటైరైన పెద్దవాళ్లకి ఆ ముక్క ఎవరు చెప్తారన్నా?