వెబ్‌సైట్‌కు ఎక్కించగానే ఫోటో రంగులు వెలిసిపోతున్నాయి: ప్రొఫైల్‌ను ఎలా సరిచేయాలి?

ప్రశ్న:
నేను ఫోటోలను విస్తృత రంగుల పరిధి ఉన్న అడోబీ ఆర్‌జీబీలో ఎడిట్ చేసి, జేపెగ్‌గా సేవ్ చేసి వెబ్‌సైట్‌కు ఎక్కిస్తున్నాను. ఫోటోషాప్‌లో నిండుగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ రంగులు సైట్‌లో వెలిసిపోయినట్లు ఉంటున్నాయి. అదే జేపెగ్‌ను నా కంప్యూటర్ నుంచి నేరుగా బ్రౌజర్‌లో తెరిస్తే మాత్రం రంగులు సరిగానే ఉన్నాయి. మానిటర్‌ను కాలిబ్రేట్ చేశాను. 'అసైన్ ప్రొఫైల్' ద్వారా ఎస్ఆర్‌జీబీ (వెబ్‌లో సాధారణంగా వాడే, పరిధి తక్కువైన రంగుల ప్రమాణం) ఇస్తే సరిపోతుందా?

సమాధానం 1:
నేరుగా తెరిచినప్పుడు రంగులు సరిగా ఉన్నాయంటే, మీ ఫైలులో ప్రొఫైల్ (అందులోని అంకెలు ఏ రంగులను సూచిస్తాయో చెప్పే సమాచారం) ఉందని, బ్రౌజర్ దాన్ని చదువుతోందని అర్థం. చాలా సైట్లు ఎక్కించిన ఫోటోకు చిన్న ప్రతులు తయారుచేసేటప్పుడు, సైజు తగ్గించడానికి మెటాడేటాను (ఫోటోతోపాటు ఉండే అదనపు సమాచారాన్ని) తొలగిస్తాయి. దానితోపాటే ప్రొఫైల్ కూడా పోతుంది. ప్రొఫైల్ లేని ఫోటోను బ్రౌజర్లు సాధారణంగా ఎస్ఆర్‌జీబీగానే భావిస్తాయి. ఎస్ఆర్‌జీబీలో 255, 0, 0గా (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) ఉండే నిండు ఎరుపును అడోబీ ఆర్‌జీబీలో సుమారు 219, 0, 0గా రాస్తారు. ప్రొఫైల్ పోయాక బ్రౌజర్ ఆ 219ని ఎస్ఆర్‌జీబీ లెక్కలో చూపిస్తుంది కనుక ఎరుపు మందగిస్తుంది.

అసైన్ చేయకండి. అది అంకెలను అలాగే ఉంచి వాటి అర్థాన్ని మాత్రమే మారుస్తుంది కనుక, ఇప్పుడు సైట్‌లో కనిపిస్తున్న లోపమే ఫైలులో స్థిరపడిపోతుంది. మీకు కావలసింది 'కన్వర్ట్ టు ప్రొఫైల్'. అది రంగు వీలైనంతవరకు మారకుండా అంకెలను తిరిగి లెక్కగడుతుంది. దీన్ని ఎప్పుడూ ఫైలు కాపీ మీదే చేయండి, అసలు ఫైలును 16 బిట్లలో అలాగే ఉంచుకోండి.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను, అయితే అసైన్ అవసరమయ్యే సందర్భం ఒకటుంది. కెమెరాను అడోబీ ఆర్‌జీబీలో పెట్టి తీసిన జేపెగ్‌ల పేర్లు సాధారణంగా అండర్‌స్కోర్‌తో మొదలవుతాయి. కొన్ని కెమెరాలు ఆ విషయాన్ని ఎగ్జిఫ్‌లో (కెమెరా ఫైలులో రాసే వివరాలలో) సూచించి ఊరుకుంటాయే తప్ప ఐసీసీ ప్రొఫైల్‌ను (పైన చెప్పిన రంగుల ప్రొఫైల్‌నే) జతచేయవు. అలాంటి ఫైలు ప్రొఫైల్ లేకుండా తెరుచుకుంటే, ముందు అడోబీ ఆర్‌జీబీని అసైన్ చేసి, ఆ తరువాతే ఎస్ఆర్‌జీబీకి కన్వర్ట్ చేయాలి.

సమాధానం 3:
అన్నిటినీ ఎస్ఆర్‌జీబీకి కుదించడం నాకు పూర్తిగా సమ్మతం కాదు. అది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ఆనాటి మానిటర్లను దృష్టిలో పెట్టుకుని ప్రతిపాదించిన ప్రమాణం. నేటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో అనేకం ఎస్ఆర్‌జీబీ కన్నా విస్తృతమైన డిస్‌ప్లే పీ3 రంగులను చూపగలవు. ముదురు నారింజ, ఎరుపు పూల ఫోటోలలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే మీ సైట్ ప్రొఫైల్‌ను నిలుపుతుందని నిర్ధారించుకున్నాకే ఆ దారి పట్టండి.

ప్రశ్న అడిగినవారు:
సైట్ నుంచి ఫోటోను దించి ఫోటోషాప్‌లో తెరిచి చూస్తే నిజంగానే ప్రొఫైల్ లేదు. కన్వర్ట్ చేసి ఎక్కించాక రంగులు కుదిరాయి, కృతజ్ఞతలు. అయితే లేత నీలి ఆకుపచ్చ నీటిలో అలల వివరాలు కలిసిపోయాయి. రెండరింగ్ ఇంటెంట్‌ను (పరిధికి అందని రంగులను ఎలా సర్దాలో చెప్పే అమరికను) పర్సెప్చువల్‌కు (రంగులన్నిటినీ కలిపి కుదించే పద్ధతికి) మార్చినా తేడా రాలేదు.

సమాధానం 1:
సాధారణంగా వాడే ఎస్ఆర్‌జీబీ ప్రొఫైల్‌లో పర్సెప్చువల్‌కు కావలసిన పట్టికలు ఉండవు, కనుక ఏది ఎంచుకున్నా రెలెటివ్ కలరిమెట్రిక్ (పరిధిలోని రంగులను అలాగే ఉంచే పద్ధతి) ఫలితమే వస్తుంది. ఎస్ఆర్‌జీబీకి అందని రంగులన్నీ దాని అంచుకు చేరడం వల్ల అలల మధ్య తేడా చెరిగిపోతోంది. కన్వర్ట్ చేయకముందే సాఫ్ట్ ప్రూఫ్‌లో (ఎస్ఆర్‌జీబీ ఫలితాన్ని ముందే చూపే వీక్షణలో) గామట్ వార్నింగ్ (పరిధి దాటిన రంగుల హెచ్చరిక) పెట్టి, నీరు ఉన్న భాగాన్ని మాత్రమే ఎంచుకుని, ఆ హెచ్చరిక దాదాపు తొలగేవరకు శాచురేషన్‌ను (రంగు గాఢతను) కొద్దికొద్దిగా తగ్గించండి.